వేదికల నాణెములు, చితుల నాణెములు

తొలకరి జల్లు పడినంతనే కర్నూలు సీమలో పత్తికొండ, తుగ్గలి, జొన్నగిరి ప్రాంతముల చేలకు జనము తరలివచ్చుట మనమెఱిగినదే. వాన కడిగిన ఎఱ్ఱమంటిలో తళుక్కుమను రవ్వ యొకటి దొరకకపోవునా యను ఆశతో పిల్లలు, పెద్దలు నేలపై చూపు నిలిపి అడుగులో అడుగు వేయుచుందురు. ఆ నేల వజ్రముల నేల మాత్రమే కాదు. అచ్చటికి సమీపముననే ఎఱ్ఱగుడి కొండబండలపై అశోక చక్రవర్తి శాసనములు కలవు. తుంగభద్ర యొడ్డున సాతానికోటలో శాతవాహనుల నాటి జనవాసము త్రవ్వకములలో బయల్పడినది. శ్రీశైలము జలాశయమున మునిగిన వీరాపురములో ఆ కాలపు నాణెములు దొరకినవి. ఇట్టి సీమలో, చేనికి ఎరువుగా తోలుటకై పాటిదిబ్బనుండి రైతు బండికెత్తిన మంటిలో ఒక సీసపు బిళ్లయో, చిలుము పట్టిన రాగికాసో వచ్చెనేని అది వజ్రమునకు తీసిపోవునని తలంపరాదు. వజ్రము తన వెలను చెప్పును. నాణెము తన్ను ముద్రించిన వారి మనస్సును చెప్పును.

నాణెములను కూర్చువారిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క అభిరుచి. కొందఱు రాజుల వరుసను బట్టి కూర్తురు. కొందఱు లోహమును బట్టి కూర్తురు. మఱికొందఱు ఏనుగు, ఓడ, చెట్టు మొదలైన బొమ్మలలో ఒకదానిని ఎన్నుకొని, ఆ బొమ్మ గల నాణెములనే వెదకుదురు. కేవలము వేదికలును, చితులును గల ప్రాచీన నాణెములనే ఏరి కూర్చు రసికులును పాశ్చాత్య దేశములలో కలరు. వినుటకిది వింతగా తోచును. కాని ఆలోచించి చూచినచో ఇది నిప్పు ముందు నిలిచిన మానవుని చరిత్రయే. మన యిండ్లలో పెండ్లికి సాక్షి అగ్ని, కడపటి ప్రయాణమునకు వాహనము అగ్ని. వేదికలోని నిప్పు, చితిలోని నిప్పు ఒక్కటే. అందు ఏ నిప్పును ఏ జాతి తన నాణెముపై నిలుపుకొన్నదో తెలిసికొనుట విద్యార్థులకు ఉపయుక్తమైన పాఠము.

వేదిక

ముందుగా వేదికను చూతము. పారసీక దేశమున క్రీ.శ. 224లో సాసాను వంశమును నెలకొల్పిన అర్దషీరు తన వెండి నాణెము బొమ్మవైపున తన ముఖమును, బొరుసువైపున అగ్నివేదికను ముద్రించెను. అతని కుమారుడగు షాపూరు కాలమునుండి వేదికకు ఇరుప్రక్కల ఇద్దఱు నిలిచియుండు రూపము స్థిరపడినది. క్రీ.శ. 651లో ఆ వంశము అంతరించువఱకు, అనగా నాలుగు వందల యేండ్లకు మించి, రాజులు మారినను బొరుసుపై నిప్పు ఆఱలేదు.

ఆ నిప్పు మన దేశమునకును వచ్చినది. హూణుల దండయాత్రల వెంట పారసీకపు నాణెములును, వాని అనుకరణములును పశ్చిమ భారతమున వ్యాపించినవి. ఘూర్జర, రాజస్థాన ప్రాంతముల కమ్మటములలో ఆ బొమ్మను చూచి చెక్కినవాడొకడు, అతని చెక్కడమును చూచి చెక్కినవాడు మఱియొకడు. ఇట్లు తరతరములు గడచుసరికి రాజు ముఖము గీతలుగా, వేదిక చుక్కలుగా మారిపోయినవి. వానినే గధైయా నాణెములందురు. వానిని చేతబట్టి బేరమాడినవారిలో అది అగ్నివేదిక యని ఎఱిగినవారు ఎందఱుందురు? అర్థము మఱచి ఆకారమును మాత్రము పదిలపఱచినపుడు ఏమగునో ఈ కాసులు చూపినంత స్పష్టముగా వేఱొకటి చూపజాలదు. ఉపాధ్యాయులు వల్లెవేత దోషమును గూర్చి చెప్పునపుడు ఈ యుదాహరణమును వాడుకొనవచ్చును.

సాసానులకు పూర్వమే కుషాణు రాజులు వేదికను తమ నాణెములపైకి తెచ్చిరి. విమ కడ్ఫీసు నాణెములలో రాజు నిలిచి, కుడిచేతిని చిన్న వేదికపైకి చాచి ఆహుతి నిచ్చుచుండును. బొరుసువైపున వృషభముతో శివుడు దర్శనమిచ్చును. కనిష్కుడును ఇదే భంగిమను నిలుపుకొనెను. అతని నాణెములలో బొరుసుపై దేవతలు పలువురు కనబడుదురు. భుజములనుండి జ్వాలలు లేచుచున్న అగ్నిదేవత వారిలో నొకడు. బుద్ధుడును వారిలో నొకడు. ఒక్క వేదిక ముందు నిలిచి ఇందఱిని గౌరవించిన రాజును బొరుసు త్రిప్పి త్రిప్పి చూడవలసినదే.

గుప్తులు ఈ భంగిమను కుషాణులనుండి గ్రహించిరి. సముద్రగుప్తుని బంగారు నాణెములలో మిక్కిలిగా కనబడు రకమున రాజు ఎడమచేత దండము పట్టి, కుడిచేత వేదికలో సాంబ్రాణి వంటిదానిని వేయుచుండును; ప్రక్కన గరుడధ్వజము నిలిచియుండును. అతనిదే మఱియొక రకము అశ్వమేధ నాణెము. అందు రాజు లేడు. యూపస్తంభము ముందు యాగాశ్వము నిలిచియుండును. బొరుసువైపున చామరము పూనిన రాణియు, “అశ్వమేధ పరాక్రమః” అను అక్షరములును కలవు. యాగాంతమున బ్రాహ్మణులకు దక్షిణగా నిచ్చుటకు ఈ నాణెములను ముద్రించిరని పండితుల అభిప్రాయము. అట్లయినచో యజ్ఞమును చిత్రించిన నాణెము యజ్ఞములోనే ఒక ద్రవ్యమైనదన్నమాట.

చితి

ఇక చితి సంగతి. ఇందులకు మనము రోము నగరమునకు పోవలెను. అచ్చట చక్రవర్తి మరణించినపుడు సెనేటు సభవారు తీర్మానించినచో అతడు దేవుడగును. ఆ సంస్కారమునకు కాన్సెక్రాషియో అని పేరు. ఆ మాటనే నాణెముపై ముద్రించి, దాని ప్రక్క గ్రద్దనో, నెమలినో, మండుచున్న వేదికనో, అంతస్తులు గల చితినో చూపెడివారు. గ్రద్ద చక్రవర్తి ఆత్మను, నెమలి రాణి ఆత్మను స్వర్గమునకు మోసికొనిపోవునని వారి విశ్వాసము.

క్రీ.శ. 161లో ఆంటొనైనసు పయసు మరణించిన పిమ్మట ముద్రించిన నాణెములలో ఈ చితిని చక్కగా చూడవచ్చును. క్రింద వెడల్పుగా మొదలై, ఒకదానిపై ఒకటిగా అంతస్తులు సన్నగిలుచు పోవును. శిఖరమున నాలుగు గుఱ్ఱముల రథము. తొలిచూపున అది మన గుడి గోపురమువలె తోచును. తరువాతి చక్రవర్తులు పలువురకు ఇట్టి నాణెములు వెలసినవి.

ఆ చితి యెట్లుండెడిదో చరిత్రకారుడు హెరోడియను విపులముగా వ్రాసినాడు. క్రీ.శ. 211లో సెప్టిమియసు సెవిరసు బ్రిటను దీవిలో మరణించెను. దేహమును అచ్చటనే దహించి భస్మమును రోమునకు తెచ్చిరి. రోములో మైనముతో అతని ప్రతిమను చేసి, దంతపు మంచముపై ఏడు దినములుంచిరి. వైద్యులు ప్రతిదినము వచ్చి చూచి, రోగము ముదురుచున్నదని చెప్పిపోయెడివారట. పిదప నగరము వెలుపలి మైదానమున కొయ్య దూలములతో ఓడలకు దారి చూపు దీపస్తంభమువంటి చితిని పేర్చి, లోపల కట్టెలు నింపి, వెలుపల బంగారు జలతారు తెరలతో, చిత్తరువులతో అలంకరించిరి. నిప్పు పెట్టినంతనే కొననుండి ఒక గ్రద్దను వదలిరి. అది పొగలో పైకెగసినపుడు చక్రవర్తి దేవుడైనాడని జనము నమ్మెను. ఇంతటి వేడుకను అరంగుళము బిళ్లలో ఇమిడ్చిన శిల్పి నేర్పు మెచ్చదగినది.

ఆ కాలమున వార్తాపత్రికలు లేవు. చక్రవర్తి చనిపోయెననియు, దేవుడయ్యెననియు, అతని వారసుడు దేవుని కుమారుడయ్యెననియు సామ్రాజ్యపు మారుమూలలకు తెలుపునది సంతలో చేతులు మారు నాణెమే. చితి బొమ్మ శోకచిహ్నముగా కనబడును. లోపల నున్నది వారసుని అధికార ప్రకటనము. క్రీ.శ. 270లో మరణించిన రెండవ క్లాడియసు పేర వెలసిన మండుచున్న వేదిక నాణెములు ఎంతగా వ్యాపించెననగా, వానికి నకళ్లు అసంఖ్యాకముగా పుట్టినవి. నేటికిని ఈ విషయమున సేకరణము మొదలుపెట్టువారికి సులభముగా దొరకునవి ఆ చిన్న బిళ్లలే.

మన రాజులేల చితిని ముద్రింపలేదు?

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టక మానదు. దహనసంస్కారము మన దేశమున అనాదిగా నున్నది. అయినను పైని చెప్పిన మన రాజుల నాణెములలో చితి లేదు. ఉన్నది వేదికయు, యూపమును. దీనికి కారణము నాకు తోచినంతలో ఇది: రోమునందు రాజునకు దైవత్వము చితిపై సిద్ధించినది. మన దేశమున రాజు గౌరవము బ్రతికియుండగా చేసిన యజ్ఞముతో, దానముతో ముడిపడియున్నది. నానాఘాటు శాసనమున శాతవాహనుల యాగముల పట్టికయు, వానిలో దక్షిణగా నిచ్చిన వేలకొలది కార్షాపణముల లెక్కయు కలవు. నాగార్జునకొండ శాసనములు ఇక్ష్వాకు శాంతమూలుడు అశ్వమేధము చేసెనని చెప్పుచున్నవి. కాని ఇక్ష్వాకుల సీసపు నాణెములపై సామాన్యముగా కనబడునవి ఏనుగును, ఉజ్జయినీ గుర్తును మాత్రమే. తెలుగునేల రాజులు యాగమును రాతిపై వ్రాసిరి. సంతకు పోవు సీసముపై ఏనుగును నిలిపిరి.

మఱి చితిని మనవారు మఱచిరా? మఱవలేదు. రాయలసీమ పల్లెపొలిమేరలలోని వీరగల్లులను, సతికల్లులను చూడుడు. పోరులో పడినవానికి, అతని వెంట అగ్నిలో ప్రవేశించిన స్త్రీకి ఊరివారు రాయి నిలిపిరి. ఆమెను పేరంటాలని కొలిచిరి. ఆ శిలలలో గౌరవమును ఉన్నది, చెప్పరాని దుఃఖమును ఉన్నది; ఆ యాచారమును మెచ్చుకొనక, ఆ స్త్రీని మఱవక చూచుట నేటివారి కర్తవ్యము. రోమునందు చితి చక్రవర్తి నాణెమునకెక్కినది. మన సీమలో చితి సామాన్యుల పొలిమేర రాతికెక్కినది.

మన నేలలో రోమను కాసులు

రోమునకును మన రాయలసీమకును సంబంధమేమని విద్యార్థి అడుగవచ్చును. క్రీ.శ. మొదటి శతాబ్దిలో ప్లినీ యను రోమను పండితుడు, భారతదేశము ఏటేట తమనుండి 5 కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండ ధనమును లాగుకొనుచున్నదని వాపోయినాడు. మిరియములకు, ముత్యములకు, సన్నని వస్త్రములకు బదులుగా వచ్చిన ఆ ధనములో కొంత తెలుగునేలలో ఇంకినది. నంద్యాలలోను, రాజంపేట సమీపమున చెయ్యేటి యొడ్డున పరశురామాలయమున్న అత్తిరాలలోను రోమను బంగారు నాణెములు దొరకినవి. వినుకొండలోను అట్టి నిధి బయల్పడినది. నల్లగొండ సీమలోని అక్కనపల్లెలో దొరకిన వెండి నాణెముల సంఖ్య 1531. 18వ శతాబ్ది చివర నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి శిథిలాలయపు ఇటుక కట్టడము తగులగా, అడుగున కుండెడు రోమను బంగారము కనబడిన వృత్తాంతము నాటి ఆసియాటిక్ సొసైటీ సంపుటములో అచ్చుపడినది. ట్రాజను, హేడ్రియను, ఫౌస్టినాల నాణెములు అందుండెను. తెలుగునేల రోమను నాణెములపై పరమేశ్వరీలాల్ గుప్తా రచించిన గ్రంథము 1965లో హైదరాబాదు ప్రభుత్వ మ్యూజియము పక్షమున వెలువడినది.

దక్షిణ భారతమున దొరకిన రోమను వెండి నాణెములలో రెండు రకములే విస్తారము. ఒకటి టైబీరియసు చక్రవర్తిది. రెండవది అగస్టసుది. ఈ రెండవదాని బొరుసుపై అగస్టసు దత్తపుత్రులగు గాయసు, లూసియసు అను బాలురు డాలులు, బల్లెములు పూని నిలిచియుందురు. వారి తలలకు నడుమ రెండు చిన్న వస్తువులు కలవు. ఒకటి ఒంపు తిరిగిన పురోహితుని కఱ్ఱ. రెండవది యాగమున ద్రవ్యము పోయు పొడుగు కాడ గరిటె. దానిని చూచినపుడు మన యజ్ఞశాలలోని స్రువము స్ఫురింపకమానదు. ఆ నాణెమును మన నేలపై మొదట అందుకొన్న వర్తకుడు దానిని వెండి తూకముగానే చూచియుండవచ్చును. కాని హోమమెఱిగినవారి కన్ను ఆ గరిటెను గుర్తింపకుండునా? భాష తెలియదు, రాజు తెలియడు, గరిటె మాత్రము తెలిసినది. పదివేల శ్లోకములకన్న ఈ చిన్న గుర్తు రెండు దేశముల బంధుత్వమును సులభముగా బోధించును.

మనవారు ఆ కాసులను రెండు విధముల మార్చిరి. కొన్నింటికి బెజ్జము వేసియో, కొలికి అతికియో మెడలో ధరించిరి. కాసులపేరు ధరించు జాతికి ఇది సహజమే. మఱికొన్నింటిలో చక్రవర్తి ముఖముపై ఉలితో గాటు వేసిరి. పుదుక్కోట దగ్గర 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో పెక్కింటిపై ఈ గాటు కలదు. చలామణినుండి తొలగించుటకని కొందఱు, బంగారమును పరీక్షించుటకని కొందఱు పండితులు చెప్పుదురు.

నిధివేట

ఈ సీమలో నాణెముల సేకరణమునకు పెద్ద చరిత్రయే కలదు. 1800లో దత్తమండలములు కుంపిణీవారి చేతికి వచ్చిన పిమ్మట కర్నల్ మెకంజీ, కావలి సోదరుల సాయముతో ఊరూర కైఫీయత్తులు వ్రాయించెను. అతడు కూర్చినవానిలో వ్రాతప్రతులు, శాసనముల నకళ్లతోపాటు 6218 నాణెములు కలవని 1828 నాటి విల్సను పట్టిక తెలుపుచున్నది. పిదప వాల్టర్ ఇలియట్ దక్షిణదేశపు నాణెములను వర్ణించెను. 1908లో రాప్సను ఆంధ్రరాజుల నాణెముల పట్టికను బ్రిటిషు మ్యూజియము పక్షమున ప్రకటించెను. శాతవాహనుల కాలనిర్ణయమునకు పురాణములలోని రాజుల పట్టికలు చాలనపుడు ఈ సీసపు బిళ్లలే సాక్ష్యమిచ్చినవి.

ఆ విద్యకు నేడు రెండు అపాయములున్నవి. మొదటిది మూస. దొరకిన కాసును కంసాలి మూసలో కరగించినచో బంగారము మిగులును, చరిత్ర పొగయై పోవును. రెండవది అంతకన్న ఘోరమైన గుప్తనిధుల వేట. లంకెబిందెలున్నవను వదంతి నమ్మి, రాత్రివేళ పాడుబడిన గుళ్లలో దూరి, నందిని పెకలించి, ధ్వజస్తంభము క్రింద త్రవ్వి, బలిపీఠమును పగులగొట్టు దుండగములు మన జిల్లాలలో పలుమాఱు వార్తలకెక్కినవి. వేలయేండ్ల క్రిందటి మనుష్యులు వేదికను కాసుపై నిలిపి పూజించిరి. మనము కాసుకొఱకు వేదికను పగులగొట్టుచున్నాము. వీరగల్లునైనను విడువని గడ్డపాఱకు ఏమి దొరకినది? రాయి విరిగినది, అంతియే.

నేల అడుగున దొరకినదానికి 1878 నాటి నిధుల చట్టము ఒకటి కలదు. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఏమి దొరకినది, ఎంత దొరకినది, ఎచ్చట దొరకినది, ఎప్పుడు దొరకినది అను నాలుగు సంగతులు అందుండవలెను. యజమాని లేని నిధియని తేలినపుడు, వేఱు ఒడంబడిక లేనిచో, నాలుగింట మూడు పాళ్లు దొరకినవానికి, ఒక పాలు భూమి యజమానికి చెందును. ప్రభుత్వము తీసికొనదలచినచో లోహపు విలువకు ఐదవ వంతు చేర్చి ఇచ్చును. దాచినవాడు తన పాలు పోగొట్టుకొనుటయే కాక శిక్షార్హుడగును. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము ఇట్టివానిని ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు. చట్టమనిన భయపడి కరగించువారే ఎక్కువ. అందు తమకును పాలున్నదని మన రైతులలో ఎఱిగినవారు తక్కువ. ఈ మాటను పల్లెలో చెప్పగలవాడు బడిపంతులే.

బడిలో చేయదగినది

నాణెమునకు ప్రాణము అది దొరకిన చోటు. అంగడిలో కొన్న కాసు రాజు పేరు చెప్పును; చేనిలో దొరకిన కాసు ఆ రాజు పేరు ఆ చేని దాక వచ్చెనని చెప్పును. కావున విద్యార్థి చేత నుండవలసినది మొదట ఒక నోటుపుస్తకము. ఊరు, చేను, తేదీ, ఎంత లోతున దొరకినది, దానితో కుండపెంకులు, పూసలు ఏమేమి కనబడినవి యను వివరములను అందు వ్రాయవలెను. పలుచని కాగితమును నాణెముపై పఱచి మెత్తని పెన్సిలుతో రుద్దినచో బొమ్మ, బొరుసు రెండును కాగితముపైకి దిగును. తూకమును గ్రాములలో గుర్తింపవలెను. అగస్టసు నాటి బంగారు కాసు ఇంచుమించు 7.8 గ్రాములు, వెండిది 3.9 గ్రాములు. తూకము మిక్కిలి తేడాగా నున్నను, అంచున పోత అతుకు కనబడినను అది నకిలీ యేమోయని అనుమానింపవలెను.

నాణెమును చింతపండుతో తోమరాదు. మన ఇత్తడి చెంబులకు మేలు చేయు పులుసు ప్రాచీన రాగికి చేటు చేయును. చిలుముతోపాటు అక్షరములును పోవును. మంటిని మెత్తని బ్రష్షుతో దులిపి, పొడిగా నుంచి, తెలిసినవారికి చూపవలెను. కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియమునకు విద్యార్థులను తీసికొనిపోయి, రాతిలో చెక్కిన వేదికలను, ఆయుధములను, దేవతలను చూపినచో నాణెములపై గుర్తులను చదువు కన్ను వారికి అలవడును. కాసు చేతలేకున్నను ఈ విద్య సాగును: పాఠశాలలో ఒక పటము గీసి, సీమలో నాణెములు దొరకిన ఊళ్లను, వీరగల్లులున్న పొలిమేరలను గుర్తించుచు పోయినచో, రెండు మూడేండ్లలో ఆ తాలూకాకు అంతవఱకు లేని చరిత్ర పటము సిద్ధమగును.

బంగారు నాణెములను కొని కూర్చుట ధనికుల వేడుక. చోటు, తేదీ వ్రాసి ఉంచుట ఎవరైనను చేయగల పని. పెద్ద వానలు పడి వాగులు గట్లు కోసినపుడెల్ల కొంత మన్ను, దానితో కొంత చరిత్ర కొట్టుకొనిపోవును. ఈ తొలకరికి జొన్నగిరి చేలలో వజ్రమునకై వంగువారిలో ఒక్క బాలుడైనను చిలుము పట్టిన బిళ్లను చూచి పారవేయక, నోటుపుస్తకమున ఊరి పేరు వ్రాసి, తన పంతులుగారికి చూపునట్లు మనము చేయగలిగినచో, ఆ బిళ్లపై నున్నది వేదికయైనను, చితియైనను, వట్టి ఏనుగైనను, అది సార్థకమగును.